డల్లాస్ ఏరియా ఇంకెంత కాలం ఇలా పెరుగుతుంది? ప్లేనోలో ఆఫర్ వచ్చింది, ఇల్లు ఎక్కడ కొనాలి?

ఎడిసన్_బాబు

అందరికీ నమస్తే. చాలా ఏళ్లుగా న్యూజెర్సీలోనే ఉన్నాం, ఎడిసన్ దగ్గర. ఇప్పుడు నాకు ప్లేనోలో ఒక బ్యాంకు టెక్నాలజీ టీంలో ఆఫర్ వచ్చింది. జీతం ఇక్కడి కన్నా పెద్ద ఎక్కువేం లేదు, స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ ఉండదు కాబట్టి చేతికి వచ్చేది కాస్త పెరుగుతుందని లెక్క. మా ఆవిడకి అంత ఇష్టం లేదు. మా తోడల్లుడు ఫ్రిస్కోలో ఉంటాడు, ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా ఆ చలిలో ఏం చేస్తున్నారు" అంటాడు.

నా అనుమానం ఉద్యోగం గురించి కాదండి. అసలు ఆ ఊరు ఎలా నడుస్తుందో నాకు అంతుపట్టట్లేదు. న్యూయార్క్ అంటే మాన్‌హట్టన్ ఉంది, చుట్టూ ఉన్నవాళ్లం పొద్దున్నే అటు పరిగెత్తుతాం, సాయంత్రం వెనక్కి వస్తాం. ఇక్కడేమో అందరూ "డల్లాస్‌లో ఉంటాం" అంటారు, తీరా అడిగితే ఒకరు ఇర్వింగ్, ఒకరు కొప్పెల్, ఒకరు ఫ్రిస్కో, ఇంకొకరు సెలీనా అని ఎప్పుడూ వినని ఊరు. ఆఫీసులు కూడా తలో చోట. ఇన్ని ఊళ్లు కలిసి ఎలా పెరుగుతున్నాయి? దేని మీద బతుకుతున్నాయి? ఐటీ పడితే అంతా పడిపోతుందా? మా అమ్మాయి మిడిల్ స్కూల్‌కి వచ్చింది, కాబట్టి ఒకసారి కొన్నామంటే మళ్లీ కదిలే ఓపిక లేదు.

రియల్టర్లు దయచేసి మెసేజ్ చేయకండి, ఇప్పటికే మా బంధువుల్లో ముగ్గురికి లైసెన్స్ ఉంది.

రిచర్డ్‌సన్_పాతకాపు

బాబు గారూ, ఐటీ పడితే అంతా పడుతుందా అన్నారు కదా, అక్కణ్నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఇక్కడ పడటం అంటే ఏమిటో కళ్లారా చూసినవాణ్ని.

నేను వచ్చింది 90ల చివర్లో, రిచర్డ్‌సన్‌లో ఒక టెలికాం కంపెనీకి. అప్పట్లో 75 హైవే పక్కన ఆ వరుసంతా టెలికాం కంపెనీలే, దాన్ని టెలికాం కారిడార్ అనేవాళ్లు. 2001లో ఆ బుడగ పగిలింది. మా బిల్డింగులో ఫ్లోర్లకి ఫ్లోర్లు ఖాళీ అయ్యాయి, పార్కింగ్‌లో కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉండేవి, మనవాళ్లు చాలామంది సామాన్లు అమ్ముకుని ఇండియా వెళ్లిపోయారు. రిచర్డ్‌సన్ కోలుకోడానికి చాలా ఏళ్లు పట్టింది. కానీ అదే టైంలో ఫోర్ట్‌వర్త్‌లో యుద్ధవిమానాల ఫ్యాక్టరీకి కొత్త ఆర్డరు వచ్చింది, ఎఫ్-35 కాంట్రాక్టు 2001లోనే గెలిచారు. ఆర్లింగ్టన్‌లో జీఎం (జనరల్ మోటార్స్) కార్ల ప్లాంట్ 1954 నుంచి ఉంది, పెద్ద పెద్ద ఎస్‌యూవీలు చేసుకుంటూ అది నడుస్తూనే ఉంది. అంటే ఒక మూల మునిగినా ఇంకో మూల తేలి ఉంది. మొత్తం ఏరియాకి బలం అదే.

అంతకు ముందు ఇంకా పెద్ద దెబ్బ ఉంది, అది నేను చూడలేదు, మా పాత మేనేజర్ కథలు కథలుగా చెప్పేవాడు. 1986లో చమురు ధర కుప్పకూలింది, చమురునీ భూమినీ నమ్ముకుని అప్పులిచ్చిన టెక్సాస్ బ్యాంకులు వరసపెట్టి పోయాయి. రాష్ట్రంలోకెల్లా పెద్ద బ్యాంకు డల్లాస్‌లోనే ఉండేది, ఫస్ట్ రిపబ్లిక్ బ్యాంక్, అది 1988లో మూతపడింది. డౌన్‌టౌన్‌లో అద్దాల మేడలు కట్టి అద్దెకి వచ్చేవాడు లేక అలా వదిలేశారట. కాబట్టి "డల్లాస్‌లో ఎప్పుడూ పెరగడమే" అని ఎవరన్నా చెబితే నమ్మకండి.

ఇక ఇన్ని ఊళ్లు ఎలా వచ్చాయంటే, మొదట ఉన్నవి రెండే ఊళ్లు, డల్లాస్, ఫోర్ట్‌వర్త్, మధ్య 30 మైళ్లు, ఒకదానికొకటి పడదు. ఓడరేవు లేదు, ట్రినిటీ నది ఉందంటే ఉంది గానీ అందులో ఓడ నడవదు. రైలు వచ్చాకే రెండిటికీ ప్రాణం వచ్చింది, డల్లాస్‌కి 1872లో, ఫోర్ట్‌వర్త్‌కి 1876లో. డల్లాస్ పత్తి వ్యాపారం, బ్యాంకులు, ఇన్సూరెన్స్ పట్టుకుంది, 1914లో దేశంలోని 12 ప్రాంతీయ ఫెడరల్ రిజర్వ్ (కేంద్ర బ్యాంకు) బ్యాంకుల్లో ఒకదాన్ని సాధించుకుంది. ఫోర్ట్‌వర్త్ పశువుల సంత, మాంసం ప్యాకింగ్. 1930లో ఈస్ట్ టెక్సాస్‌లో చమురు పడ్డాక దానికి అప్పులిచ్చింది డల్లాస్ బ్యాంకులే, ఆ డబ్బుతోనే ఊరు అసలు పెరిగింది. 1958లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జాక్ కిల్బీ చిప్ చేసింది కూడా డల్లాస్‌లోనే.

ఫోర్ట్‌వర్త్‌లో ఏమన్ కార్టర్ అని పత్రికాధిపతి ఉండేవాడు, డల్లాస్‌లో మీటింగుకి వెళ్లాల్సి వస్తే అక్కడ ఒక్క పైసా ఖర్చు పెట్టడం ఇష్టంలేక ఇంటి నుంచి టిఫిన్ కట్టించుకుని వెళ్లేవాడని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ రెండూళ్ల మధ్య యవ్వారం మాత్రం అదే. 1940ల్లో మధ్యలో ఒక ఉమ్మడి ఎయిర్‌పోర్టు కడదామనుకుని, టెర్మినల్ ఏ ఊరి వైపు ఉండాలన్న గొడవతో చెడగొట్టుకున్నారు. చివరికి 1964లో కేంద్ర విమానయాన బోర్డు ఇద్దరినీ కూర్చోబెట్టి, మీరిద్దరూ కలిసి ఒక స్థలం చూసుకోండి, లేకపోతే మేమే చూస్తాం అంది. అలా వచ్చిందే డీఎఫ్‌డబ్ల్యూ (డల్లాస్ ఫోర్ట్‌వర్త్) ఎయిర్‌పోర్టు, 1974 జనవరిలో తెరిచారు. 17 వేల ఎకరాల పైమాట, మీ మాన్‌హట్టన్ మొత్తం అందులో పట్టేస్తుంది. సొంతదార్లు రెండు ఊళ్లే, డల్లాస్ వాటా 11లో 7, ఫోర్ట్‌వర్త్ వాటా 4.

నన్నడిగితే ఈ ఏరియా మొత్తాన్నీ కలిపి కుట్టింది ఆ ఒక్క ఎయిర్‌పోర్టే. 1979లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ న్యూయార్క్ వదిలి దీని పక్కకి వచ్చింది. అలాస్కా, హవాయి తప్ప అమెరికాలో ఏ మూలకైనా ఇక్కణ్నుంచి ఇంచుమించు మూడు నాలుగు గంటల్లో వెళ్లొచ్చు, అందుకే హెడ్డాఫీసులు వచ్చాయి, వాటి వెనక బ్యాంకులు, లాయర్లు, ఆడిటర్లు, మనలాంటి ఐటీ వాళ్లు. 2024లో 8.7 కోట్ల మందికి పైగా ఆ ఎయిర్‌పోర్టు దాటారు. ఎయిర్‌పోర్టుకి ఉత్తరాన ఉన్న పొలాలకి ఒక్కసారిగా విలువ వచ్చింది, ఆ పొలాలే ఇవాళ మీ తోడల్లుడి ఫ్రిస్కో. 1990లో ఆ ఊళ్లో 6 వేల జనం. 2020 లెక్కల్లో 2 లక్షలు.

ఫోర్ట్‌వర్త్_సైడ్

పాతకాపు అన్న బాగా చెప్పాడు, థాంక్స్, కనీసం ఒక్కరన్నా మా ఊరి పేరెత్తారు. ఈ ఫోరంలో డల్లాస్ అంటే ఫ్రిస్కో గుడి, ప్లేనో ఇండియన్ స్టోరు, అంతే.

ఫోర్ట్‌వర్త్ 2024లో 10 లక్షలు దాటింది, తెలుసా ఎవరికైనా? శాన్‌ఫ్రాన్సిస్కో కన్నా పెద్ద ఊరు. ఎఫ్-35 తయారయ్యే ప్లాంటు 1942లో బాంబర్ల కోసం కట్టింది, మైలు పొడుగు ఉంటుంది. బెల్ హెలికాప్టర్లు ఇక్కడే. బీఎన్‌ఎస్‌ఎఫ్ రైల్వే హెడ్డాఫీసు ఇక్కడే. 1989లో ఉత్తరాన అలయన్స్ అని ఒక ఎయిర్‌పోర్టు తెరిచారు, ముఖ్యంగా సరుకుల కోసమే, టికెట్ కొని ఎక్కే ప్యాసింజర్ ఫ్లైట్లు ఉండవు, పక్కనే రైల్వే యార్డు, పక్కనే ఐ-35డబ్ల్యూ హైవే, ఆ చుట్టూ గోడౌన్లే గోడౌన్లు. డల్లాస్ కోటీశ్వరుడు రాస్ పెరో కొడుకు వేసిన ప్లాను అది. నేను ఆ గోడౌన్లలో ఒకదానికి ఇన్వెంటరీ సిస్టం చూస్తాను, కాలిఫోర్నియా రేవుల్లో దిగిన కంటైనర్లు రైలెక్కి ఇక్కడికొచ్చి, ఇక్కణ్నుంచి లారీల మీద ఓక్లహోమా, ఆర్కాన్సా, లూసియానా అంతా వెళ్తాయి. మీరు కూర్చున్న చోటు నుంచి ఇది కనపడదు గానీ ఐటీ లేఆఫ్‌లు జోరుగా ఉన్న రోజుల్లో కూడా మా దగ్గర మనుషులు దొరకడం కష్టంగానే ఉండేది.

మా ఏరియాలో ఇళ్లు ప్లేనో, ఫ్రిస్కో కన్నా బాగా చవక. స్కూళ్ల ర్యాంకింగులు చూసి మనవాళ్లు ఇటు రారు. రాకపోవడమే మంచిది అనుకోండి, వస్తే రేట్లు పెంచేస్తారు :)

సివిల్_రమణి

నేను నార్త్ టెక్సాస్‌లో నీటి లైన్లు, రోడ్ల డిజైన్ చేసే కన్సల్టెన్సీలో పనిచేస్తాను, చిన్న చిన్న టౌన్ల కౌన్సిల్ మీటింగులకి వెళ్లడం నా ఉద్యోగంలో భాగం. కాబట్టి ఇన్ని ఊళ్లని ఎవరు నడుపుతారన్నది నేను చెప్తాను.

ఎవరూ నడపరండి. 11 కౌంటీలు, 80 లక్షలు దాటిన జనం, అందరి మీదా పెత్తనం ఉన్న ప్రభుత్వం ఒక్కటీ లేదు. కౌన్సిల్ ఆఫ్ గవర్నమెంట్స్ అని 1966 నుంచి ఒక సంస్థ ఉంది, ఆర్లింగ్టన్‌లో ఆఫీసు. ఊళ్లన్నీ అందులో సభ్యులు, కేంద్రం ఇచ్చే రోడ్డు డబ్బులు అక్కడ కూర్చుని పంచుకుంటారు, దానికి పన్ను వేసే అధికారం లేదు. మిగతాదంతా ఎవరి కుంపటి వారిదే. ఈ ఏరియా పెరగడానికీ, దాని తలనొప్పులకీ రెండిటికీ మూలం ఇదే.

ఎలాగో చెప్తాను. టెక్సాస్‌లో మీరు ఏదన్నా కొంటే సేల్స్ టాక్స్ 8.25 శాతం. అందులో 6.25 రాష్ట్రానికి, మిగిలిన 2 స్థానికంగా. అంటే డాలరుకి రెండు సెంట్లు. ఒక సెంటు ఊరి ఖజానాకి వెళ్తుంది. రెండోది ఊరి ఇష్టం. 1983లో డల్లాస్, ప్లేనో, రిచర్డ్‌సన్, ఇర్వింగ్, గార్లండ్ లాంటి ఊళ్లు ఆ రెండో సెంటుని డార్ట్ అనే బస్సు, రైలు సంస్థకి రాసిచ్చాయి. ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ అందులో చేరలేదు, తర్వాత చట్టం వీలు కల్పించాక అదే సెంటుని ఎకనామిక్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్లకి పెట్టుకున్నాయి. అంటే ఒక కంపెనీ "ఇటు వద్దామనుకుంటున్నాం" అనగానే ఫ్రిస్కో చేతిలో స్థలానికి, రోడ్డుకి, రాయితీకి డబ్బు రెడీగా ఉంటుంది. ప్లేనో చేతిలో రైలు ఉంటుంది. ఇది ఫ్రిస్కో ఇంత వేగంగా పెరగడానికి ఉన్న కారణాల్లో ఒకటి, మిగతావి ఖాళీ భూమి, టోల్ రోడ్లు.

ఇప్పుడు ప్లేనో లాంటి ఊళ్లకి కడుపుమంట ఏమిటంటే, మేం ఇంత కడుతున్నాం మాకు రావట్లేదని. 2023 లెక్కల్లో ప్లేనో నుంచి డార్ట్‌కి వెళ్లింది 10 కోట్ల డాలర్ల పైన, ప్లేనో మీద ఖర్చయింది అందులో సగం కూడా కాదు. డార్ట్ వాళ్ల జవాబు, రైలు అన్నాక ఊరి పొలిమేర దగ్గర ఆగిపోదు కదా, మీ ఊళ్లో ఆఫీసుకొచ్చే వాళ్లు వేరే ఊళ్లలో ఎక్కుతారు అని. ఇద్దరిదీ కొంత నిజమే. ఈ గొడవ మధ్యలోనే 2025 అక్టోబరులో ప్లేనో నుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకి సిల్వర్ లైన్ రైలు వచ్చింది. ఇక ఆర్లింగ్టన్, దాదాపు 4 లక్షల జనం, కౌబాయ్స్ ఫుట్‌బాల్ స్టేడియం, సిక్స్ ఫ్లాగ్స్ థీమ్ పార్కు అన్నీ ఉన్న ఊరు, అక్కడ మామూలు సిటీ బస్సే తిరగదు, ఫోన్‌లో బుక్ చేసుకునే వ్యాన్లు మాత్రమే. ఓటర్లు మూడుసార్లు వద్దన్నారు.

కంపెనీలు రావడం గురించి: టొయోటా 2014లో కాలిఫోర్నియా నుంచి ప్లేనోకి వస్తున్నామని ప్రకటించింది, 2017లో క్యాంపస్ తెరిచింది. రాష్ట్రం ఫండ్ నుంచి 4 కోట్ల డాలర్లు ఇచ్చారు, ప్లేనో సొంత రాయితీలు వేరే. చార్లెస్ ష్వాబ్ అనే బ్రోకరేజీ కంపెనీ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వెస్ట్‌లేక్‌కి, క్యాటర్‌పిల్లర్ ఇల్లినాయి నుంచి ఇర్వింగ్‌కి. అందరూ వీటి గురించే మాట్లాడతారు, వెళ్లిపోయిన వాళ్ల గురించి మాట్లాడరు. ఎక్సాన్ మొబిల్ మూడు దశాబ్దాలు ఇర్వింగ్‌లో ఉండి 2023లో హెడ్డాఫీసుని హ్యూస్టన్ వైపు తీసుకెళ్లింది. పైగా వచ్చే వాటిలో కొన్ని పక్క ఊరి నుంచే వస్తాయి, డల్లాస్ డౌన్‌టౌన్‌లో ఖాళీ చేసి ప్లేనోలో దిగితే ప్లేనో కౌన్సిల్‌లో రిబ్బన్ కటింగ్, మొత్తం ఏరియాకి ఒరిగింది సున్నా. మన పన్ను డబ్బుతో మన పక్కింటి వాణ్ని మనమే లాక్కోవడం, నాకైతే ఎప్పుడూ చిరాకే.

నీటి సంగతి రాత్రికి రాస్తాను, మీటింగ్ ఉంది.

గుంటూరు_శ్రీను

మీ అందరి పోస్టులు చదువుతుంటే మా విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి గుర్తొస్తున్నాయి. రెండు పెద్ద ఊళ్లు, మధ్య దూరం పెద్ద లేదు, మధ్యలో కొత్త రాజధాని, సీఆర్‌డీఏ అని 2014 నుంచి అన్నిటికీ కలిపి ఒక సంస్థ కూడా ఉంది. మీ దగ్గర పైన ఎవరూ లేకుండానే ఇంత పెరిగితే, మా దగ్గర పైన ఒకరు ఉండి కూడా ఎందుకు ఊగిసలాట? సీరియస్‌గానే అడుగుతున్నా.

రిచర్డ్‌సన్_పాతకాపు

శ్రీనూ, నాకు తెలిసినంతలో తేడా డబ్బు దగ్గర ఉంది. ఇక్కడ ప్రాస్పర్ లాంటి చిన్న టౌన్ కూడా సొంతంగా పన్ను వేస్తుంది, బాండ్లు అమ్మి అప్పు తెస్తుంది, ఓటర్లని అడిగి స్కూలు కడుతుంది. రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో ప్రభుత్వం మారితే ఫ్రిస్కో రోడ్డు పని ఆగదు. మన దగ్గర మునిసిపాలిటీ చేతిలో ఉన్నది తక్కువ, హైదరాబాదో అమరావతో దయ తలిస్తేనే పని, సర్కారు మారితే ప్లానే మారిపోతుంది, అమరావతిలో 2019 తర్వాత ఏమైందో నీకు నాకన్నా బాగా తెలుసు. ఎయిర్‌పోర్టు విషయంలో మాత్రం ఇక్కడ కూడా పైవాడు కర్ర పట్టుకుంటేనే పనైంది, అది మర్చిపోకు.

లెక్కల_మాస్టారు

ఎడిసన్ బాబు గారు ఆర్థిక వ్యవస్థ గురించి అడిగారు సరే, ఆయన జేబు సంగతి ఎవరూ చెప్పలేదు. నేను చెప్తా.

టెక్సాస్‌లో ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి స్కూళ్లు, ఊళ్లు, కౌంటీలు, కాలేజీ డిస్ట్రిక్టు అన్నీ మీ ఇంటి మీద పడతాయి. అన్నీ కలిపి ఇంటి విలువలో ఇంచుమించు 2 శాతం అనుకోండి, 6 లక్షల డాలర్ల ఇల్లయితే ఏటా 12 వేలు. మీరు న్యూజెర్సీ వాళ్లు, ప్రాపర్టీ టాక్స్ మీకు కొత్త కాదు, కాబట్టి కాలిఫోర్నియా నుంచి వచ్చిన వాళ్లంత షాక్ మీకుండదు. మీకు నిజంగా మిగిలేది ఇన్‌కమ్ టాక్సే.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది కొత్త ఇళ్ల దగ్గర. పన్ను జనవరి 1న ఆ స్థలంలో ఏముందో దాన్నిబట్టి వేస్తారు. మీరు జూన్‌లో కొత్తిల్లు కొంటే ఆ ఏడాది పన్ను ఖాళీ ప్లాటు మీద పడుతుంది, మార్ట్‌గేజ్ వాడు దాన్నే చూసి ఎస్క్రో (పన్ను, ఇన్సూరెన్స్ కోసం నెలనెలా మీ దగ్గర తీసి పక్కన పెట్టే డబ్బు) లెక్క కడతాడు, మీరేమో "అబ్బ, ఎంత తక్కువో" అనుకుంటారు. రెండో ఏడాది ఇంటి మొత్తం విలువ మీద వస్తుంది, ఎస్క్రో తరుగు కలిపి నెలకి వందల డాలర్లు ఒక్కసారి పెరుగుతుంది. మా కమ్యూనిటీలో దీని వల్ల కారు అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. ఇంకా దూరంగా, ఊరి హద్దుల బయట కట్టే కమ్యూనిటీల్లో మడ్ అని ఉంటుంది, మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్, అక్కడి పైపులు, రోడ్ల కోసం బిల్డర్ పెట్టిన ఖర్చుని బాండ్లుగా మార్చి మీ పన్నులో కలుపుతారు. దాంతో మొత్తం రేటు 2.5 కూడా దాటొచ్చు. ఇల్లు 40 వేలు చవక అని మురిసిపోయే ముందు ఆ రేటు అడగండి.

కొన్నాక హోమ్‌స్టెడ్ (సొంతంగా ఉండే ఇంటికిచ్చే పన్ను మినహాయింపు) దరఖాస్తు పెట్టండి, స్కూలు పన్నులో 1,40,000 డాలర్ల విలువ తీసేస్తారు, తర్వాతి ఏళ్లలో పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగదు. మే 15 లోపు అప్రైజల్ మీద, అంటే వాళ్లు కట్టిన ఇంటి విలువ మీద, ప్రొటెస్ట్ వేయండి, ప్రతి ఏడూ. ఇక హోమ్ ఇన్సూరెన్స్ గురించి చెప్పాలంటే వడగళ్లు. వసంతంలో నిమ్మకాయంత సైజు పడతాయి, రూఫులు పోతాయి, ప్రీమియం పెరుగుతుంది. న్యూజెర్సీలో కడుతున్నదాన్ని పట్టుకుని లెక్క వేయకండి.

టోల్స్ కూడా. డల్లాస్ నార్త్ టోల్‌వే, 121, బుష్ టర్న్‌పైక్. ఉత్తరాన చాలా దారులు టోలే. రోజూ ఆఫీసుకి సెలీనా నుంచి వస్తే అది కూడా ఒక ఈఎంఐ.

సివిల్_రమణి

నీళ్ల సంగతి. ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ, రిచర్డ్‌సన్, అలెన్ అన్నీ నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ నుంచే తాగుతాయి. పెరుగుదల చూసి వాళ్లు బోడార్క్ అనే కొత్త రిజర్వాయర్ కట్టారు, 2023లో దాన్నుంచి ఊళ్లకి నీళ్లివ్వడం మొదలుపెట్టారు, టెక్సాస్‌లో దాదాపు 30 ఏళ్ల తర్వాత కట్టిన పెద్ద రిజర్వాయర్ అది. తర్వాతి దాని కోసం ఈశాన్య టెక్సాస్‌లో మార్విన్ నికల్స్ అనే డ్యాం ప్రతిపాదన దశాబ్దాలుగా నలుగుతోంది, అక్కడి రైతులు, అడవి ఉన్నవాళ్లు "మీ లాన్‌లకి నీళ్ల కోసం మా భూములు ముంచుతారా" అని ఎదురు తిరుగుతున్నారు. వాళ్లని తప్పుపట్టలేను. ఇక్కడ ఎండాకాలంలో నీటి వాడకంలో పెద్ద భాగం గడ్డికే పోతుంది.

పైపులూ రోడ్లూ ఇళ్లని అందుకోలేకపోతే ఏమవుతుందో ప్రిన్స్‌టన్ చూడండి, మెకిన్నీకి తూర్పున ఉన్న టౌన్. సెన్సస్ వాళ్ల లెక్కల్లో 2024కి దేశంలో 20 వేల జనం దాటిన ఊళ్లలో అన్నిటికన్నా వేగంగా పెరిగిన ఊరు, ఒక్క ఏడాదిలో 30 శాతం. అదే ఏడాది సెప్టెంబరులో కౌన్సిల్ కొత్త ఇళ్ల అనుమతులే ఆపేసింది, నీళ్లు, రోడ్లు, పోలీసులు సరిపోవట్లేదని. అంతకు ముందు ఏడాది ఆ మొదటి ర్యాంకు సెలీనాది.

ఇది ఒక పక్క. రెండో పక్క ప్లేనోలో 2024లో స్కూలు బోర్డు నాలుగు స్కూళ్లు మూసేయాలని నిర్ణయించింది, పిల్లలు లేక. 80, 90ల్లో ప్లేనోయే ఇవాళ్టి ఫ్రిస్కో. అక్కడ ఖాళీ స్థలం అయిపోయింది, ఇళ్ల రేట్లు పెరిగి చిన్నపిల్లలున్న వాళ్లు ఉత్తరానికి పోయారు, ఉన్నవాళ్లు పెద్దవాళ్లయ్యారు. పెరుగుదల అనేది ఊళ్లో ఉండిపోదు, ఉత్తరానికి జరుగుతూ పోతుంది, వెనకాల పాత పైపులు, పాత రోడ్లు మిగులుతాయి, వాటికి రిపేరు డబ్బులు మాత్రం జరగవు. ట్రినిటీకి దక్షిణాన ఉన్న డల్లాస్ ఈ మాట ఎప్పటినుంచో చెబుతోంది. అక్కడ ఊరి భూమిలో సగానికి పైగా ఉంది, ఉద్యోగాలు మాత్రం ఉత్తరానే. అక్కడి వాళ్లు రెండు బస్సులు మారి ప్లేనో హోటళ్లలో పనికి వస్తారు, ఫ్రిస్కోలో పని దొరికితే ఆ బస్సు కూడా లేదు.

ఫోర్ట్‌వర్త్_సైడ్

రమణి గారు చెప్పింది మా వైపు కూడా. ఫోర్ట్‌వర్త్ ఉత్తరాన కొత్త కమ్యూనిటీల్లో స్కూళ్ల పక్కన పోర్టబుల్ గదులు, లోపల పాత ఏరియాల్లో స్కూళ్లు సగం ఖాళీ.

ఎడిసన్_బాబు

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. మా ఆవిడకి చదివి వినిపించాను, వడగళ్ల దగ్గర ఒకసారి, మడ్ దగ్గర ఒకసారి "నే చెప్పలేదా" అంది.

ఆఫీసు ప్లేనోలో లెగసీ వెస్ట్ అనే ఏరియా పక్కన. మూడు చోట్ల చూస్తున్నాం: వెస్ట్ ప్లేనోలో 90ల నాటి ఇల్లు, ఫ్రిస్కోలో కాస్త చిన్నది, సెలీనాలో పెద్ద కొత్తిల్లు. మూడూ దాదాపు ఒకే రేటు. తోడల్లుడు సెలీనా అంటున్నాడు, "పదేళ్లలో అదే ఫ్రిస్కో అవుతుంది" అని.

లెక్కల_మాస్టారు

అవుతుందేమో. కానీ అక్కడ ఇంకా ఖాళీ భూమి ఎంత ఉందో చూశారా? బిల్డర్ పక్క వీధిలో కొత్తవి కడుతూ, వడ్డీ రేటు తగ్గించి, క్లోజింగ్ ఖర్చులు ఇచ్చి అమ్ముతున్నంత కాలం మీ పాత ఇల్లు మంచి రేటుకి అమ్ముడుపోవడం కష్టం. 2022 వేసవిలో అంచుల్లో కొన్నవాళ్లని అడగండి, అప్పటి రేటు ఇంకా రాలేదని చాలామంది ఏడుస్తున్నారు. చుట్టూ స్థలం అయిపోయిన చోట ఇంటికి ఆ పోటీ ఉండదు. నా ఓటు ప్లేనోకి.

రిచర్డ్‌సన్_పాతకాపు

నాది కూడా ప్లేనోనే, ఇంకో కారణంతో. ఇక్కడ ఒక కంపెనీని నమ్ముకుని కొనకూడదు, ఉద్యోగం పోతే ఇంకోటి ఎటు దొరుకుతుందో తెలీదు: ఇర్వింగ్ కావచ్చు, రిచర్డ్‌సన్ కావచ్చు, వెస్ట్‌లేక్ కావచ్చు. ప్లేనో నుంచి ఇవన్నీ ట్రాఫిక్‌లో కూడా గంట లోపే. సెలీనా నుంచి వెస్ట్‌లేక్ పొద్దున ఎనిమిదికి బయల్దేరి చూడండి ఒకసారి.

సివిల్_రమణి

ప్లేనో పాత ఇల్లయితే ఇన్‌స్పెక్టర్‌తో పాటు ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిపించి ఫౌండేషన్ చూపించండి, కొన్ని వందల డాలర్లు అవుతుంది. ఇక్కడిది నల్లరేగడి లాంటి మట్టి, వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, స్లాబు కింద కదులుతుంది. తలుపుల పైన మూలల్లో ఐమూల పగుళ్లు, ఇటుక గోడల్లో మెట్లు మెట్లుగా చీలికలు ఉన్నాయేమో చూడండి. కాస్ట్ ఐరన్ డ్రైనేజీ పైపులున్న పాత ఇల్లయితే కెమెరా పెట్టించండి. ఇంకోటి, స్కూల్ డిస్ట్రిక్టు హద్దు, ఊరి హద్దు ఒకటి కాదు. మెకిన్నీ అడ్రస్‌తో ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్టులో ఉన్న ఇళ్లున్నాయి, ఫ్రిస్కో అడ్రస్‌తో లూయిస్‌విల్ డిస్ట్రిక్టులో ఉన్నవీ ఉన్నాయి. లిస్టింగ్‌లో రాసింది నమ్మకుండా డిస్ట్రిక్టు వెబ్‌సైట్‌లో అడ్రస్ కొట్టి మీ అమ్మాయికి ఏ మిడిల్ స్కూల్ వస్తుందో, అది మూసే లిస్టులో ఉందో లేదో చూసుకోండి.